తలకు దెబ్బ.. ఇంటికి పంపాకే అసలు కాపలా

తొలి రెండు రోజులు ఏమరుపాటు తగదు
'మత్తు', 'నీరసం' అనుకుంటే ముప్పే

రోడ్డు ప్రమాదాలు, మేడపై నుంచి జారిపడటం, చెట్టు దిగుతూ కాలు తప్పడం.. కారణమేదైనా తలకు దెబ్బ తగిలిందనగానే బంధుమిత్రులు ఉరుకులు పరుగులతో ఆస్పత్రికి చేరుస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవలు ప్రారంభమైన తరవాత పల్లెల నుంచి సైతం క్షతగాత్రులను తరలించడం సులువైంది. స్కాన్ తీస్తారు, కుట్లు వేస్తారు, కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంచుకుని ఇంటికి పంపిస్తారు. అక్కడితో గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వాస్తవానికి అప్పటి వరకు నర్సులు, వైద్యులు చేసిన పరిశీలన బాధ్యత ఆ క్షణం నుంచి ఇంటివారి మీద పడుతుంది. డిశ్చార్జి కాగితంలో రాసిన నాలుగు ముక్కలను అర్థం చేసుకోకుండా మడిచి సంచిలో పెట్టుకోవడం వల్ల, కాపాడగలిగిన ప్రాణాలూ పోయే ప్రమాదముంది.

పంపించారంటే అర్థమేమిటి?

తలకు గాయమైన వ్యక్తి స్పృహ స్థాయిని వైద్యులు ఒక కొలమానంతో లెక్కిస్తారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి చెందిన వైద్యులు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లుచేతుల కదలికకు 6 చొప్పున గరిష్ఠంగా 15 మార్కులు. కనిష్ఠం 3. పదమూడు నుంచి 15 వరకు ఉంటే స్వల్ప గాయం, 9 నుంచి 12 వరకు ఉంటే మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తగ్గితే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. స్వల్ప గాయమై మార్కులు 15కు చేరుకుని, వాంతులు, తీవ్రమైన తలనొప్పి వంటి లక్షణాలు లేకుండా, స్కాన్ తీసిన సందర్భంలో అందులో రక్తస్రావం కనిపించకపోతే సాధారణంగా ఇంటికి పంపుతారు.

సీటీ స్కాన్ అంటే ఆ నిమిషంలో మెదడు ఎలా ఉందో చూపే చిత్రం. తరవాత ఏం జరుగుతుందో అది చెప్పలేదు. చాలామందిలో ఆపై ఏ ఇబ్బందీ తలెత్తదు. కొద్దిమందిలో మాత్రం స్కాన్ తరవాత సైతం రక్తం నెమ్మదిగా ఊరి గడ్డకట్టే అవకాశముంది. 'స్కాన్‌లో ఏమీ లేదన్నారు' అన్న భరోసాతో తరవాత వచ్చే లక్షణాలను కొట్టిపారేయకూడదు.

మాట్లాడుతూనే ప్రాణం మీదికి..

పుర్రె గట్టి పెట్టె వంటిది. లోపల రక్తం చేరితే అది బయటకు వెళ్లే దారి ఉండదు. మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. కణత భాగంలో ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలివైపు ఒక ధమని ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలి ఎముక చిట్లితే ఆ ధమని తెగి పుర్రెకు, మెదడు పైపొరకు నడుమ రక్తం చేరుతుంది. ఇలాంటి కేసుల్లో కొందరు దెబ్బ తగిలిన వెంటనే క్షణకాలం స్పృహ తప్పినా, మళ్లీ లేచి మామూలుగా మాట్లాడతారు. టీ తాగుతారు, నడిచి ఇంటికి వెళతారు. కొద్ది గంటల తరవాత తలనొప్పి పెరిగి, వాంతులై, మగతలోకి జారుకుంటారు. నడుమ తెలివిగా ఉన్న ఆ కాసేపే అందరినీ మోసం చేస్తుంది.

బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ ఉదంతం ఇందుకు ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ. 2009 మార్చి 16న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో మంచుపై జారే ఆట నేర్చుకుంటూ ఆమె పడిపోయారు. పైకి గాయమేమీ కనిపించలేదు. నవ్వుతూ మాట్లాడి, వైద్యసాయం వద్దన్నారు. కొద్దిసేపటికే తలనొప్పి మొదలైంది. రెండు రోజుల్లో, మార్చి 18న న్యూయార్క్‌లో కన్నుమూశారు. పుర్రెకు, మెదడు పొరకు మధ్య రక్తస్రావమే కారణమని శవపరీక్షలో తేలింది. సకాలంలో గుర్తించి శస్త్రచికిత్స చేస్తే ఈ రకం రక్తస్రావం నుంచి చాలామంది కోలుకుంటారు. కనుకనే గంటల విలువ ఇంత.

ఇంకొక రకం దీనికి విరుద్ధం. వృద్ధుల్లో, మద్యం అలవాటున్నవారిలో, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారిలో మెదడు పొరల కింద రక్తం చుక్కచుక్కగా చేరుతుంది. రెండు మూడు వారాల తరవాత, ఒక్కోసారి నెలల తరవాత బయటపడుతుంది. తడబడే నడక, మతిమరుపు, ఒక పక్క చేయి బలహీనపడటం, పగలంతా నిద్ర దీని గుర్తులు. 'వయసు మీదపడింది' అని సరిపెట్టుకోకుండా, పాత దెబ్బ సంగతిని వైద్యుడికి గుర్తుచేయాలి.

మొదటి 48 గంటలు ఇలా..

ఇంటికి వచ్చిన వ్యక్తిని మొదటి రెండు రోజులు ఒంటరిగా ఉంచరాదు. బాధ్యత తెలిసిన పెద్దవారు ఒకరు పక్కనే ఉండాలి. గదిలో ఒక్కరినే పడుకోబెట్టి తలుపు వేయడం, పొలం పనులకు వెళ్తూ పిల్లలకు అప్పగించడం తగదు.

తలకు దెబ్బ తగిలినవారిని నిద్రపోనివ్వరాదన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. ఇది సరికాదు. విశ్రాంతి మెదడుకు అవసరం. రాత్రివేళ లేపి చూడమని వైద్యుడు చెప్పి ఉంటే, చెప్పిన వ్యవధిలో తప్పక లేపాలి. పిలవగానే కళ్లు తెరుస్తున్నారా, తన పేరు, ఊరు, పక్కనున్నవారి పేరు చెబుతున్నారా, రెండు చేతులూ సమానంగా ఎత్తగలుగుతున్నారా అన్నది గమనిస్తే చాలు. ఎప్పుడు లేపిందీ, ఎలా బదులిచ్చిందీ ఒక కాగితంపై రాసుకుంటే మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే అది వైద్యులకు ఎంతో ఉపకరిస్తుంది.

రెండు పొరపాట్ల వల్ల ముప్పు ఎక్కువ. ఒకటి, దెబ్బ తగిలేనాటికి మద్యం తాగి ఉన్న వ్యక్తి లేవకపోతే 'మత్తు దిగలేదు' అనుకోవడం. రెండోది, మగతగా పడి ఉన్న వ్యక్తిని 'నీరసం' అనుకుని ఊళ్లోనే గ్లూకోజు సెలైన్ ఎక్కించడం. మొదటి పొరపాటుతో విలువైన గంటలు గడిచిపోతాయి. రెండోదాని వల్ల మెదడు వాపు పెరగవచ్చు కూడా. తలకు దెబ్బ తగిలిన మనిషిలో మగత కనిపిస్తే దానికి కారణం లోపలి రక్తస్రావం కాదని స్కాన్‌లో తేలే వరకు ప్రమాద సూచనగానే భావించాలి.

ఇవి కనిపిస్తే క్షణం ఆగరాదు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేయాలి. స్కాన్ సదుపాయమున్న ఆస్పత్రికే తరలించాలి.

- లేపినా సరిగా లేవకపోవడం, మగత పెరగడం, స్పృహ తప్పడం
- అంతకంతకు ఎక్కువవుతూ మాత్రకు లొంగని తలనొప్పి
- ఆగని వాంతులు
- ఫిట్స్ రావడం
- మాట తడబడటం, ఎదుటివారి మాట అర్థం కాకపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం
- ఒక పక్క చేయి, కాలు పట్టుతప్పడం, నడుస్తూ తూలిపోవడం
- చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం
- ముక్కు నుంచిగానీ, చెవి నుంచిగానీ నీరులాంటి ద్రవం లేదా రక్తం కారడం
- కొత్తగా ఒక చెవి వినిపించకపోవడం
- కళ్ల చుట్టూ లేదా చెవి వెనుక కొత్తగా నల్లగా కమలడం

ముక్కు, చెవుల నుంచి కారే పలచని ద్రవం జలుబు కాకపోవచ్చు. పుర్రె అడుగుభాగం చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరు ఇలా బయటకు వస్తుంది. అలాంటప్పుడు ముక్కు చీదరాదు. చెవిలో దూది కుక్కరాదు. ఆ దారిన క్రిములు లోపలికి వెళ్లి మెదడు పొరలకు వాపు వచ్చే ప్రమాదముంది.

పసివాళ్లు, పెద్దవాళ్లు

మాటలు రాని పసిబిడ్డ తలనొప్పి అని చెప్పలేదు. ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడవడం, పాలు తాగకపోవడం, ఆడుకోకుండా స్తబ్ధుగా పడి ఉండటం, పదేపదే కక్కుకోవడం, నడినెత్తి మాడు ఉబ్బడం గమనించాలి. మంచం మీద నుంచి, ఊయల నుంచి పడిన పిల్లలకు తలపై మెత్తని బొప్పి ఉబికితే దాన్ని గట్టిగా రుద్దడం, నొక్కి అణచడం చేయకూడదు.

గుండె జబ్బుకు, పక్షవాతానికి రక్తం పలచబరిచే మందులు వాడుతున్న పెద్దల విషయంలో చిన్న దెబ్బనూ తేలిగ్గా తీసుకోరాదు. వార్ఫరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నట్లు ఆస్పత్రిలో ముందే చెప్పాలి. వాటిని ఆపాలో, కొనసాగించాలో ఇంట్లో నిర్ణయించుకోవడం ప్రమాదకరం. ఆపినా ముప్పే, కొనసాగించినా ముప్పే ఉండొచ్చు కనుక ఆ నిర్ణయం వైద్యుడిదే.

మందులు, గాయం, పథ్యం

తలనొప్పికి సాధారణంగా పారాసెటమాల్ సూచిస్తారు. వైద్యుడు చెప్పకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు. ఊళ్లో నొప్పి ఇంజెక్షను వేయించుకోవడమూ అంతే. ఇవి రక్తస్రావాన్ని పెంచే వీలుంది. నిద్రమాత్రలు వేసుకుంటే, మగత మందు వల్లనా, గాయం వల్లనా అన్నది తేల్చుకోలేరు. పూర్తిగా కోలుకునే వరకు మద్యం ముట్టరాదు.

తలపై కుట్లను సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. అప్పటి వరకు తలస్నానం ఎప్పుడు, ఎలా చేయవచ్చో వైద్యుడిని అడిగి చేయాలి. గాయంపై పసుపు, కాఫీపొడి, ఆకు పసరు, నూనె పెట్టడం చీమును పిలిచినట్లే. కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే గడువు వరకు ఆగకుండా చూపించాలి.

పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు, వంకాయ పనికిరావని కొన్ని ఇళ్లలో కఠిన పథ్యం పాటిస్తారు. తలకు గాయమైనవారికి ఇలాంటి నిషేధాలేవీ లేవు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు మానేస్తే కోలుకోవడమే ఆలస్యమవుతుంది. మధుమేహం వంటి ఇతర జబ్బులున్నవారు మాత్రం తమ ఆహార నియమాలు పాటించాలి.

ఫిట్స్ మందు.. ఒక్క పూటా తప్పరాదు

మెదడు కమిలినవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి ఫిట్స్ రాకుండా మందులు రాస్తారు. కొందరికి ఒక వారం చాలు. ఫిట్స్ వచ్చినవారికి ఎక్కువ కాలం కొనసాగిస్తారు. 'ఫిట్స్ రావడం లేదుగా' అని సొంతంగా ఆపేస్తే ఒక్కసారిగా తిరగబెట్టే ప్రమాదముంది. మందు మొదలుపెట్టాక ఒంటిపై దద్దుర్లు వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. కొన్ని మందులతో చిరాకు, కోపం పెరగవచ్చు. అదీ చెప్పాలి. అవసరమైతే వైద్యుడు మందు మారుస్తారు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి, ఇనుప ముక్క పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో చెంచా, గుడ్డ కుక్కితే పళ్లు విరిగి, ఊపిరి ఆగే ప్రమాదముంది. ఒక పక్కకు పడుకోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించాలి. తెలివి వచ్చే వరకు నీళ్లు తాగించరాదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, నడుమ తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108ని పిలవాలి. ఇంటికి వచ్చాక మొదటిసారి ఫిట్స్ వస్తే, అది రెండు నిమిషాల్లో ఆగినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

శస్త్రచికిత్స జరిగినవారికి..

మెదడు వాపు తీవ్రంగా ఉన్నప్పుడు వైద్యులు పుర్రె ఎముకలో ఒక ముక్కను తాత్కాలికంగా తొలగిస్తారు. చాలాచోట్ల దాన్ని రోగి పొట్ట చర్మం కింద భద్రపరుస్తారు. వాపు తగ్గాక మరో శస్త్రచికిత్సలో తిరిగి అమరుస్తారు. అప్పటి వరకు తలలో ఆ భాగం మెత్తగా, ఎముక రక్షణ లేకుండా ఉంటుంది. ఆ పక్కకు తిరిగి పడుకోరాదు. అక్కడ ఒత్తరాదు. లేచి నడిచేవారు వైద్యుడు సూచించిన రక్షణ టోపీ ధరించాలి. ఆ భాగం ఉబ్బి గట్టిపడినా, బాగా లోపలికి కుంగి తలనొప్పి, మగత వచ్చినా చూపించాలి. ఎముక అమర్చే తేదీని డిశ్చార్జి నాడే అడిగి రాసుకోవాలి.

మంచానికే పరిమితమైనవారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేదంటే నడుము, మడమల వద్ద పుండ్లు పడతాయి. మగతలో ఉన్నవారికి నోటితో అన్నం, నీళ్లు పెట్టరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియాకు దారితీస్తాయి. ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలి. ఇచ్చాక కూడా అరగంట నుంచి గంట వరకు అలాగే ఉంచాలి. గొట్టం ఊడివస్తే ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం చేయరాదు. కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలను రోజూ చేయించాలి.

పైకి కనిపించని గాయం

స్వల్ప గాయమైన తరవాత కూడా తలనొప్పి, తలతిరుగుడు, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, మతిమరుపు, ఏకాగ్రత లోపించడం, నిద్ర పట్టకపోవడం, చీటికిమాటికి కోపం కొంతకాలం ఉంటాయి. చాలామందిలో రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. కొందరికి మూడు నెలలు పట్టవచ్చు. అంతకు మించితే మళ్లీ పరీక్ష అవసరం.

తీవ్ర గాయాల్లో నుదుటి వెనుక భాగం దెబ్బతింటే మనిషి స్వభావమే మారినట్లు కనిపిస్తుంది. నెమ్మదస్తుడు దుడుకుగా మారడం, డబ్బు లెక్క లేకుండా ఖర్చుచేయడం, పదిమందిలో అనకూడని మాట అనడం వంటివి చూసి 'పొగరెక్కింది' అని ఇంటివారు నొచ్చుకుంటారు. 'గాలి సోకింది' అని మంత్రగాళ్ల వద్దకు తీసుకెళ్లేవారూ ఉన్నారు. ఇది గాయం ఫలితమని తెలుసుకుంటే సగం గొడవలు సమసిపోతాయి. నరాల, మానసిక వైద్యుల చికిత్సతో కొంతవరకు అదుపులోకి తేవచ్చు.

మరో సంగతిని చాలామంది గుర్తించరు. తలకు దెబ్బతో వాసన పసిగట్టే శక్తి పోవచ్చు. అలాంటివారికి గ్యాసు లీకైనా తెలియదు, కూర పాచిపోయినా తెలియదు. వంటింట్లో ఒంటరిగా పనిచేసేవారి విషయంలో ఇంటివారు జాగ్రత్త వహించాలి.

పనికి, బడికి తిరిగి వెళ్లేదెప్పుడు?

తొలి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, టీవీ, సెల్‌ఫోను తగ్గించడం మంచిది. ఆ తరవాత నెలల తరబడి మంచంపై ఉండాల్సిన పనిలేదు. చిన్నచిన్న పనులతో మొదలుపెట్టి, తలనొప్పి పెరగకుంటేనే పెంచుకుంటూ పోవాలి. పిల్లలను మొదట పూటబడికి పంపి, ఉపాధ్యాయులకు విషయం చెప్పాలి. క్రికెట్, కబడ్డీ వంటి ఆటలకు వైద్యుడి అనుమతి తప్పనిసరి. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ప్రమాదకరంగా వాచిపోయే అవకాశముంది.

తలతిరుగుడు పూర్తిగా తగ్గే వరకు ద్విచక్రవాహనంగానీ, ట్రాక్టరుగానీ నడపరాదు. ఫిట్స్ వచ్చినవారు వైద్యుడు లిఖితపూర్వకంగా సమ్మతించే వరకు స్టీరింగు ముట్టరాదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే స్వీయ ప్రకటనలో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం గురించి ప్రశ్న ఉంటుంది. దాచడం నేరమే కాదు, ఇతరుల ప్రాణాలకూ ముప్పు. తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులు, తాపీ పనివారు, విద్యుత్తు స్తంభాలెక్కేవారు, బావులు, చెరువుల్లో దిగేవారు తమ వృత్తి ఏమిటో వైద్యుడికి చెప్పి సలహా తీసుకోవాలి. కూలి పోతుందని ముందే పనిలోకి దిగితే ఇంటి ఆధారమే కూలిపోవచ్చు.

కాగితాలు భద్రం

డిశ్చార్జి సారాంశం, స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు, బిల్లులు ఒకే కవరులో పెట్టుకోవాలి. అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళ్లాల్సివస్తే పాత స్కాన్‌తో పోల్చి చూస్తేనే కొత్త రక్తస్రావం తెలుస్తుంది. రోడ్డు ప్రమాద కేసుల్లో పోలీసు కేసుకు, మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పరిహారానికి ఇవే ఆధారాలు. రోడ్డు ప్రమాద బాధితులకు రూ.1.5 లక్షల వరకు, ప్రమాదం నాటి నుంచి గరిష్ఠంగా 7 రోజుల పాటు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో అర్హత అడిగి తెలుసుకోవాలి. తదుపరి పరీక్షలు, రెండో శస్త్రచికిత్స రాష్ట్ర ఆరోగ్య పథకం కిందికి వస్తాయా అన్నదీ అక్కడే విచారించాలి.

గేటు దాటకముందే అడగండి

- గాయం ఏమిటి? స్కాన్‌లో ఏం కనిపించింది? మళ్లీ స్కాన్ తీయాలా, ఎప్పుడు?
- రాత్రి లేపి చూడాలా? ఎంతసేపటికి ఒకసారి?
- ఏ మందు ఎన్ని రోజులు? పాత మందుల్లో ఏవి ఆపాలి, ఏవి కొనసాగించాలి?
- కుట్లు తీసే తేదీ, మళ్లీ చూపించుకునే తేదీ ఏవి?
- పని, బండి, ఆటలు ఎప్పటి నుంచి?
- పరిస్థితి విషమిస్తే ఇంటికి దగ్గరలో రాత్రివేళ సైతం స్కాన్ తీసే ఆస్పత్రి ఏది? మెదడు శస్త్రచికిత్స చేసే ఆస్పత్రి ఏది?

చివరి ప్రశ్న మారుమూల గ్రామాలవారికి మరీ ముఖ్యం. ఊరి నుంచి స్కాన్ యంత్రానికి గంటన్నర, రెండు గంటల ప్రయాణం ఉంటే, తొలి రెండు రాత్రులు మండల కేంద్రంలోనో, పట్టణంలోనో ఉన్న బంధువుల ఇంట గడపడం శ్రేయస్కరం. ఊరికే వెళ్లక తప్పకపోతే అర్ధరాత్రి పిలిస్తే వచ్చే వాహనం ఎవరిదో, ఎవరు తోడు వస్తారో, ఏ ఆస్పత్రికి వెళ్లాలో చీకటి పడకముందే నిర్ణయించుకోవాలి.